పియెమొంటె రోజువారీ వైన్లు: 15 యూరోల లోపు ఏవి తెప్పించుకోవాలి? (వైజాగ్ ఎండ, మన కూరలు)

లాసన్స్‌బే:

నమస్తే అందరికీ. మా బావగారు వచ్చే నెల మిలాన్ నుంచి వైజాగ్ వస్తున్నారు. రెండు సీసాలు తెస్తాను, ఏవి కావాలో చెప్పమన్నారు. ఆల్బా, ఆస్తి అనే ఊళ్ళ చుట్టూ ఉన్న కొండల్లో పండేవే నాకు కావాలి. ఇటలీలో ఆ ప్రాంతాన్ని పియెమొంటె అంటారు, ఇంగ్లిషులో పీడ్‌మాంట్. దాచుకునే సరుకు వద్దు. ఆదివారం మధ్యాహ్నం కూర పొయ్యి మీద నుంచి దిగగానే తెరిచి, ఆ పూటకి అవగొట్టే రకం కావాలి. సీసా 15 యూరోలు దాటకూడదు.

అక్కడ సూపర్ మార్కెట్లో బరోలో అనే పేరుమోసిన ఎర్ర వైన్ 18 యూరోలకే ఉందట. ఇంకో మూడు యూరోలు పెట్టి అదే తెప్పించుకుంటే మేలు కదా అనిపిస్తోంది. ఇంట్లో వంటంటే చేపల పులుసు, రొయ్యల వేపుడు, కోడికూర. కారం దండిగా పడుతుంది. వీటితో ఎర్ర వైన్ కుదురుతుందా, తెల్లదే దిక్కా?

ఇంకోటి, ఏసీ పడగ్గదిలోనే ఉంది, అదీ రాత్రిళ్ళే వేస్తాం. మే నెలలో సీసాలు ఎక్కడ పెట్టాలి? ఈ రెండూ అయిపోయాక హైదరాబాద్ వెళ్ళినప్పుడు కార్లో ఓ నాలుగు వేసుకొస్తే ఇబ్బందా?

వగరుమాష్టారు:

ముందు బరోలో సంగతి తేల్చేద్దాం. 18 యూరోల బరోలో కొనకండి. 18 యూరోలు పెట్టేట్టయితే అదే డబ్బుకి మంచి చేతిలో తయారైన లాంగె నెబ్బియోలో వస్తుంది, అది కొనండి.

బరోలో అనేది ఊరి పేరు. ద్రాక్ష పేరు నెబ్బియోలో. చట్టం ప్రకారం బరోలో అనిపించుకోవాలంటే ఆ ద్రాక్ష 11 పంచాయతీల హద్దుల్లోనే పండాలి. వైన్ కనీసం 38 నెలలు నిలవ ఉండాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. మూడేళ్ళకు పైగా సరుకు కదలకుండా డబ్బు ఇరుక్కుపోతుందన్నమాట. అన్ని ఖర్చులూ భరించి 18 యూరోలకు అమ్ముతున్నారంటే ఎక్కడో కోత పడినట్టే. ఎక్కువసార్లు అది వ్యాపారులు ట్యాంకుల లెక్కన కొని సొంత లేబుల్ అంటించిన సరుకు. అది చెడ్డదనడం లేదు. కానీ నెబ్బియోలో వగరు ఆషామాషీ వగరు కాదు. పచ్చి వక్క నమిలాక నాలుక, చిగుళ్ళు ఎలా పట్టేసి బరకగా అవుతాయో అలాగే ఉంటుంది. రంగు చూస్తే పలచటి దానిమ్మ రసంలా ఉంటుంది, అంచున ఇటుక ఎరుపు. ఆ రంగు చూసి తేలికపాటిది అనుకుని గుక్క వేసినవాడికి తెలిసొస్తుంది. మంచి బరోలోలో ఆ వగరు అణగడానికి ఏళ్ళు పడుతుంది, చవక బరోలోలో అణిగాక మిగిలేది పెద్దగా ఉండదు.

లాంగె అంటే ఆల్బా చుట్టూ ఉన్న కొండలు, లాంగె నెబ్బియోలో కూడా అదే ద్రాక్ష. కనీసం 85 శాతం నెబ్బియోలో ఉంటే చాలు, చెక్కలో పెట్టాలన్న నిబంధన లేదు. 1994లో వచ్చిన వర్గం ఇది. బరోలో, అదే ద్రాక్షతో అయ్యే బర్బరెస్కో చేసేవాళ్ళు లేత తీగల పండునీ, ఆ పెద్ద పేరుకి తూగలేదనుకున్న పీపాలనీ ఇందులోకి దింపుతారు. అందుకే దీంట్లో తక్కువ ధరకి మంచి సరుకు దొరుకుతుంది. 1958లో ఒక ఊరి చర్చి ఫాదర్ చిన్న రైతులను కూడగట్టి పెట్టించిన సహకార సంఘం ఉంది, ప్రొదుత్తోరి దెల్ బర్బరెస్కో. వాళ్ళ లాంగె నెబ్బియోలో ఈ వర్గానికి కొలబద్ద లాంటిది. మీ బడ్జెట్‌కి కాస్త పైన పడొచ్చు.

కానీ మీరడిగింది ఆదివారం కూరలోకి. దానికి నెబ్బియోలో ఏ రూపంలోనూ మొదటి ఎంపిక కాదు. మీరు వెతుక్కోవాల్సినవి రెండు: బార్బెరా, డోల్చెట్టో. అక్కడి జనం రోజూ భోజనంలోకి తాగేవి ఇవే.

బార్బెరా: పులుపు ఎక్కువ, వగరు తక్కువ. పియెమొంటెలో అన్నిటికంటే ఎక్కువ విస్తీర్ణంలో వేసే ఎర్ర ద్రాక్ష. ఎంత ఎండ కాసినా పండులో పులుపు చావదు, దాని గొప్పదనమంతా అక్కడే ఉంది. 2022 లాంటి వేడి, కరువు ఏడాదిలో కూడా నోరూరించేట్టే వచ్చింది. కాకపోతే తీపి పెరిగిన కొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది, 14.5, 15 శాతం దాకా పోతుంది. లేబుల్ మీద ఆ అంకె తప్పకుండా చూడండి.

డోల్చెట్టో: దీనికి పులుపు తక్కువ, వగరు ఓ మోస్తరు, రంగు మాత్రం నేరేడు పండు నలిపినట్టు చిక్కగా ఉంటుంది. చివర్లో చిన్న చేదు తగులుతుంది, బాదం పప్పు తొక్క చేదులాంటిది. ముందుగా పక్వానికి వస్తుంది కాబట్టి నెబ్బియోలో పండని చల్లటి వాలుల్లోకి, ఎత్తుల్లోకి దీన్ని తోసేశారు. సెప్టెంబరులోనే కోసేస్తారు, నెబ్బియోలో అక్టోబరు దాకా ఆగుతుంది. ఇప్పుడు ఆ వాలుల్లో కూడా తీగలు పీకి హేజల్‌నట్ చెట్లు వేస్తున్నవాళ్ళున్నారు. న్యూటెల్లా చేసే ఫెరెరో కంపెనీ పుట్టిందీ ఆల్బాలోనే, 1946లో. గింజకు గిరాకీ ఉన్నచోట డోల్చెట్టో ఎందుకు పెంచుతాడు రైతు?

మీ రెండు సీసాలకు నా మాట: ఒకటి చెక్క తగలని బార్బెరా దాల్బా లేదా బార్బెరా దాస్తి, రెండోది తెల్లది, గావీ. డోల్చెట్టో మీద ఇష్టం ఉంటే రెండోదాని స్థానంలో అది. అక్కడ ఇవన్నీ 9 నుంచి 14 యూరోల మధ్య మంచివే దొరుకుతాయి.

లాసన్స్‌బే:

మాష్టారూ, డోల్చెట్టో అంటే తియ్యనిది అని అర్థం కదా? ఇంట్లో ఆడవాళ్ళు తీపి వైన్ అయితేనే ముట్టుకుంటారు, అది సరిపోతుందేమో అనుకున్నాను.

వగరుమాష్టారు:

అందరూ పడే బోల్తానే అది. డోల్చె అంటే తీపి నిజమే, డోల్చెట్టో అంటే చిన్న తియ్యనిది. కానీ ఆ మాట పండుకి సంబంధించింది. చెట్టు మీద ఉన్నప్పుడు పులుపు తక్కువ కాబట్టి తియ్యగా అనిపిస్తుంది. వైన్ చేసేటప్పుడు మాత్రం రసం పూర్తిగా పులుస్తుంది, చక్కెర మిగలదు. తియ్యనిది కావాలంటే మొస్కాటో దాస్తి తెప్పించండి. 5 శాతం చుట్టుపక్కల ఆల్కహాల్, సన్నటి నురగ, లీటరుకు వంద గ్రాములకు పైనే చక్కెర. మామూలు కార్కే ఉంటుంది, షాంపేన్‌లా తీగ చుట్టిన బిరడా ఉండేది దాని అన్న, ఆస్తి స్పుమాంతె. అందులో ఆల్కహాల్, గ్యాస్ రెండూ ఎక్కువ. షాపులో ఈ రెండిటినీ కలిపేస్తారు, చూసి తీసుకోమనండి.

లేబుల్ చదవడం గురించి కూడా చెప్పేస్తాను, బావగారికి వాట్సాప్‌లో పెట్టండి.

బార్బెరా, డోల్చెట్టో, మొస్కాటో సీసాల మీద మొదటి పదం ద్రాక్ష, తర్వాతి పదం చోటు. బార్బెరా దాల్బా అంటే ఆల్బా వైపు బార్బెరా, దాస్తి అంటే ఆస్తి వైపుది. ఆస్తి వైపుది 2008లో డీఓసీజీ (ఇటలీ చట్టం వైన్లకిచ్చే పై హోదా) అయింది, అందులో కనీసం 90 శాతం బార్బెరా ఉండాలి. ఆల్బా వైపుది డీఓసీ, అంటే దాని కింది హోదా, 85 శాతం. అక్షరం ఒకటి ఎక్కువ ఉన్నంత మాత్రాన ఆస్తిది గొప్ప, ఆల్బాది తక్కువ అని కాదు. ఆల్బా వైపు మంచి వాలులన్నీ నెబ్బియోలో తినేస్తుంది, బార్బెరాకి మిగిలింది ఇస్తారు. ఆస్తి వైపు బార్బెరాయే పెద్ద కొడుకు. తక్కువ ధరలో ఆస్తి వైపు ఎక్కువసార్లు నమ్మకంగా ఉంటుందని నా అభిప్రాయం.

సుపెరియోరె అని ఉంటే మీకు వద్దు. బార్బెరా దాస్తి సుపెరియోరె అంటే 14 నెలలు నిలవ, అందులో 6 నెలలు చెక్కలో. మంచి వైన్లే, కానీ మన మసాలాలోకి చెక్క వాసన కలిస్తే ఏమవుతుందో కింద ఎవరైనా చెబుతారు.

ఇక వివాచె, ఫ్రిజ్జాంతె. ఈ మాటలు ఉంటే సన్నగా గ్యాస్ ఉంటుంది. బార్బెరా దెల్ మొన్‌ఫెరాతో రకాల్లో ఇది మామూలే. తెలియక తెరిచి చెడిపోయిందని సింకులో పారబోసుకుంటారు జనం.

దొల్యాని అని ఒక్క మాటే ఉంటే అదీ డోల్చెట్టోయే. 2005లో ఆ ఊరికి డీఓసీజీ వచ్చింది, ఊరి పేరే వైన్ పేరు. మామూలు డోల్చెట్టో దాల్బా కంటే ఒక పాలు చిక్కగా ఉంటుంది. ఇంబొత్తిల్యాతో అల్లోరీజినె అంటే పండించిన చోటే సీసాల్లో నింపినట్టు. తెలియని పేరు కొనేటప్పుడు వెనక లేబుల్ మీద నేను ముందు వెతికేది ఆ మాటే. లాంగె అన్న పేరులో హెచ్ అక్షరం రాస్తారు, పలకరు, దాన్ని చూసి లాంగ్హే అని అడిగితే కొట్టువాడికి అర్థం కాదు.

పులుపుపక్షం:

మాష్టారు చెప్పినదానికి భోజనం వైపు నుంచి కలుపుతాను.

మన కూరల్లో వైన్‌ని చంపేవి మూడు: చింతపండు, కారం, చేప నూనె. వీటిని విడివిడిగా చూడాలి.

పులుపు: కూర పులుపు వైన్ పులుపు కంటే ఎక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. నీళ్ళు కలిపినట్టు ఉంటుంది. చేపల పులుసు, గోంగూర మాంసం, చింతచిగురు రొయ్యలు, వీటి ముందు డోల్చెట్టో నిలబడదు, మాటే లేదు. బార్బెరా నిలబడుతుంది. ఉసిరికాయ తిన్నాక నీళ్ళు తియ్యగా ఉన్నట్టు, పులుసు ముద్ద తరవాత బార్బెరాలో పండు రుచి పైకి తేలుతుంది.

కారం: మిరపకాయ మంటని ఆల్కహాల్ రేపుతుంది, వగరు దాన్ని గీరుతుంది. 15 శాతం బార్బెరా, గుంటూరు కారం రెండు చెంచాలు వేసిన కోడికూర, ఈ రెండూ కలిస్తే నోట్లో నిప్పులే. 13 లేక 13.5 శాతం ఉన్న సీసా ఎంచుకోండి. చల్లగా పోసుకోండి. ఆ ఒకటిన్నర శాతం తేడా లేబుల్ మీద చిన్నదే, నాలుక మీద కాదు.

చేప: ఎర్ర వైన్‌తో చేప తింటే ఒక్కోసారి నీచు వాసన గుప్పుమంటుంది. చేప పాడైందనుకుంటారు. అది వైన్‌లో ఉన్న ఇనుము చేప కొవ్వుతో కలిసి చేసే పని. కానాగంతలు, కవళ్ళు లాంటి నూనె చేపలతో మరీ ఎక్కువ. చందువాతో తక్కువ. బార్బెరాతో పులుసు తాగుతానంటే చందువాతో మొదలుపెట్టండి, కానాగంతల పులుసుకి గావీ తెరవండి.

రొయ్యల వేపుడుకి తెల్లదే. రొయ్య తియ్యదనం మీద వగరు పడితే ఇనుప గరిట నాకినట్టుంటుంది. గావీ, అంటే కోర్తేజె ద్రాక్ష, నిమ్మచెక్క పిండినంత పని చేస్తుంది. రొయేరో ఆర్నేస్ ఇంకొకటి ఉంది, తానరో నదికి అవతలి ఇసక కొండల్లో పండుతుంది, బేరిపండు వాసన. 1960ల్లో దాదాపు కనుమరుగైపోయిన ద్రాక్ష అది, వైన్లు చేసే వియెత్తి కుటుంబంలో ఆల్ఫ్రెదో కుర్రాదో 1967లో మళ్ళీ విడిగా వైన్ తీసి నిలబెట్టాడు. బాగుంటుంది గానీ పులుపు తక్కువ. నిమ్మకాయ పిండని, మసాలా తక్కువ వేసిన వంజరం వేపుడుకి పనికొస్తుంది. చింతపండు తగిలిన దేనికీ వద్దు.

కోడికూరకి డోల్చెట్టో బాగానే కుదురుతుంది, అందులో టమాటా తక్కువ, ఉల్లిపాయ ఎక్కువ ఉంటే. గుత్తి వంకాయకి కూడా. అరకు రోడ్డులో అమ్మే బొంగులో చికెన్ తరహాలో నూనె లేకుండా, పొగ వాసనతో చేసినదైతే లాంగె నెబ్బియోలో పెట్టొచ్చు. మాంసం వగరుని కాస్త కట్టేస్తుంది.

మాష్టారు వదిలేసిన చెక్క సంగతి: కొత్త ఓక్ పీపా నుంచి లవంగం, వనిల్లా, కాల్చిన రొట్టె వాసనలు వస్తాయి. మన కూరలో లవంగం, దాల్చినచెక్క ముందే ఉన్నాయి. రెండు లవంగాలూ కలిసి పంటి నొప్పికి పెట్టే లవంగ నూనెలా చేదెక్కుతాయి. చిన్న ఓక్ పీపాల్లో బార్బెరా పెట్టడాన్ని 1980ల్లో ప్రపంచానికి చూపించింది బ్రాయిదా అనే వైన్ సంస్థకి చెందిన జాకొమొ బొలోన్యా, బ్రిక్కో దెల్లుచ్చెల్లోనె అనే సీసాతో. గొప్ప వైనే, కానీ దాన్ని చూసి చవక సీసాలు చేసేవాళ్ళు కూడా చెక్క రుచి ఎక్కించడం మొదలెట్టారు. తక్కువ ధరలో చెక్క వాసన గట్టిగా ఉంటే అనుమానించాల్సిందే.

ఆవకాయ ముద్దపప్పుకి ఏ వైనూ లేదు. మజ్జిగ తాగండి.

కంప్రెసర్:

నిలవ, చల్లదనం గురించి నేను రాస్తాను. అందరూ రుచి గురించి మాట్లాడతారు, వైజాగ్‌లో వైన్ పాడయ్యేది మాత్రం అలమరలోనే.

రెండు సీసాలకీ ప్రత్యేకంగా ఏమీ కొనకండి. ఫ్రిజ్ కింది కూరగాయల డ్రాయర్లో పడుకోబెట్టండి. మామూలు అరల కంటే అక్కడ రెండు మూడు డిగ్రీలు తక్కువ చల్లదనం ఉంటుంది. ఐదారు నెలల వరకు ఏమీ కాదు. ఏడాది పైన పెడితే కార్క్ ఎండుతుంది. ఇవి ఏళ్ళ తరబడి దాచే వైన్లూ కావు: డోల్చెట్టో పంట ఏడాది నుంచి రెండు మూడేళ్ళలో, చెక్క లేని బార్బెరా నాలుగైదేళ్ళలో తాగేయాలి. తేమకి లేబుల్ ఊడుతుంది, సీసాని పాలిథిన్ కవర్లో చుడితే సరి.

రాత్రి ఏసీ, పగలు వేడి ఉన్న పడగ్గది అన్నిటికంటే చెడ్డ చోటు. స్థిరంగా 28 డిగ్రీలు ఉన్న మూల కంటే రోజూ 24కి 34కి మధ్య ఊగే మూల ఎక్కువ పాడు చేస్తుంది. వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ని నెడుతుంది, చల్లబడినప్పుడు కుంచించుకుని గాలి పీలుస్తుంది. నెల రోజులు ఇలా ఊపిరి తీస్తే సీసా అయిపోయినట్టే.

దీనికి గుర్తులు ఉంటాయి. కార్క్ సీసా మూతి కంటే అర మిల్లీమీటరు పైకి లేచి ఉండటం, రేకు కింద జిగట, తీసిన కార్క్ పక్కన కింద నుంచి పై దాకా పాకిన వైన్ చార. రుచి చూస్తే పండు పోయి ఉడకబెట్టిన ఎండుద్రాక్ష నీళ్ళలా ఉంటుంది. ఇక్కడ షాపులో కొనేటప్పుడు కూడా ట్యూబ్‌లైటు కింద నిలబెట్టిన సీసా వద్దని, లోపల అట్టపెట్టెలో ఉన్నది తియ్యమనండి.

వైన్ ఫ్రిజ్ కొనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒక్క మాట. చప్పుడు చెయ్యదని చెప్పి అమ్మే చిన్న డబ్బాలు థెర్మోఎలక్ట్రిక్ రకం. అవి గది వేడి కంటే 12, 15 డిగ్రీలు మాత్రమే దించగలవు. మేలో వంటగది 36 ఉంటే లోపల 21 దగ్గర ఆగిపోయి, రోజంతా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. కంప్రెసర్ ఉన్నదే కొనాలి.

ఇప్పుడు పోసే వేడి. 'ఎర్ర వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి' అన్నది రాతి గోడలున్న చల్లదేశపు గదుల మాట. మన గది 33. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది, పండు వాసన దాని వెనక దాక్కుంటుంది. బార్బెరా 14 నుంచి 16, డోల్చెట్టో కూడా అంతే, లాంగె నెబ్బియోలో 16 నుంచి 18, గావీ, ఆర్నేస్ 8 నుంచి 10, మొస్కాటో 6 నుంచి 8.

డ్రాయర్లోంచి తీసిన ఎర్ర సీసా మరీ చల్లగా ఉంటుంది, 20 నిమిషాలు బల్ల మీద పెడితే దారికొస్తుంది. బయట 32 దగ్గర ఉన్న సీసాని దించాలంటే ఫ్రిజ్‌లో గంటన్నరకి పైనే పడుతుంది. తొందరైతే స్టీలు బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు, మెడ దాకా ముంచితే 12, 15 నిమిషాలు. ఉత్తి ఐసులో గుచ్చితే పని జరగదు, ఐసు ముక్కల మధ్య గాలి ఉంటుంది, సీసాకి నీళ్ళు తగలాలి. గ్లాసులో ఒకసారికి 100 మిల్లీలీటర్లే పోసుకోండి, మిగతాది బకెట్లో. నిండా పోస్తే సగం తాగేసరికి మళ్ళీ వేడెక్కుతుంది.

తడిగుడ్డ చుట్టి ఫ్యాన్ కింద పెట్టమని ఎవరైనా చెబితే, అది అనంతపురంలో పనిచేస్తుంది. మన సముద్రపు గాలిలో తేమకి గుడ్డ ఆరదు, ఆరకపోతే చల్లబడదు.

లాసన్స్‌బే:

చాలా పనికొచ్చింది. కంప్రెసర్ గారూ, సీసా తెరిచాక మిగిలితే ఎన్నాళ్ళు? ఇద్దరం తాగేది ఒక పూటకి సగమే. మరి హైదరాబాద్ సంగతి ఎవరూ చెప్పలేదు.

కంప్రెసర్:

సగం తాగి కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెడితే బార్బెరా మూడు రోజులు బాగుంటుంది. డోల్చెట్టో రెండు. కానీ దానికంటే మంచి పద్ధతి ఉంది. 750 సీసా తెరవగానే, గ్లాసులో పోసుకోకముందే, వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టిన 375 మిల్లీలీటర్ల గాజు సీసాలోకి అంచు దాకా, దాదాపు పొర్లేట్టు నింపి మూత బిగించండి. లోపల గాలికి చోటు లేదు కాబట్టి ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది. తాగగా మిగిలింది నింపితే లాభం లేదు, అప్పటికే గాలి కలిసిపోయింది. ప్లాస్టిక్ వాటర్ బాటిల్ వద్దు, గాలి లోపలికి పీలుస్తుంది, పాత వాసనా వదలదు.

పులుపుపక్షం:

డోల్చెట్టో తెరిచేవాళ్ళకి ఒక ఇబ్బంది తగులుతుంది, ముందే చెప్పడం మంచిది. కొన్ని సీసాలు తెరవగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, లేకపోతే అగ్గిపుల్ల గీసిన వాసన వస్తుంది. ఆ ద్రాక్ష స్వభావమే అంత, పులియబెట్టేటప్పుడు గాలి చాలకపోతే గంధకపు వాసన పట్టుకుంటుంది. సీసా పాడవలేదు. ఒక జగ్గులోకి ఎత్తు నుంచి, మజ్జిగ తిరగబోసినట్టు రెండుసార్లు అటూ ఇటూ పొయ్యండి, పావుగంట ఆగండి. పోకపోతే శుభ్రంగా తోమి, బాగా కడిగిన రాగి చెంచాతో గ్లాసులో పది సెకన్లు తిప్పి తీసేయండి. రాగి ఆ గంధకాన్ని పట్టేస్తుంది. చెంచా అందులోనే వదిలెయ్యకండి.

తడిసిన అట్టపెట్టె, నానిన గోనెసంచి వాసన వస్తే మాత్రం ఆ సీసా మీద ఆశ వదులుకోవాలి. అది కార్క్‌లోంచి వచ్చిన మచ్చ, గాలి తగిలిన కొద్దీ పెరుగుతుంది. తిరగబోసినా పోదు.

వగరుమాష్టారు:

హైదరాబాద్ కారు సంగతి: చెయ్యకండి. మద్యం పన్ను రాష్ట్రాలది. ఆంధ్రలో సుంకం కట్టని సీసా చెక్‌పోస్టు దగ్గర దొరికితే ఎక్సైజ్ కేసు అవుతుంది, వైన్ అయినా విస్కీ అయినా ఒకటే లెక్క.

విదేశం నుంచి తెచ్చేదానికి దారి సులభం. ఒక్కో ప్రయాణికుడికి 2 లీటర్ల వరకు సుంకం లేదు. రెండు సీసాలంటే లీటరున్నర, హాయిగా సరిపోతుంది. మూడో సీసా పెడితే 2.25 లీటర్లు, ఎక్కువైన దానికి సుంకం అడుగుతారు. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి మారేట్టయితే కస్టమ్స్ అక్కడే అవుతుంది, సామాను అక్కడ తీసుకుని మళ్ళీ వెయ్యాలి. చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో ఆపేయొచ్చు, అందుకని మొదటి నుంచీ పెద్ద పెట్టెలోనే. ఒక్కో సీసాని జిప్ కవర్లో పెట్టి, జీన్స్ ప్యాంటు కాలులోకి దూర్చి, పెట్టె మధ్యలో, గోడలకి తగలకుండా. కొన్న రసీదు పాస్‌పోర్టుతో ఉంచుకోమనండి. ఇంటికి చేరాక నాలుగైదు రోజులు కదపకుండా పెట్టి అప్పుడు తెరవండి.

ఇక్కడ ఎందుకంత ధర అని మీరు అడుగుతారు, అడగకముందే చెబుతాను. ఇన్నాళ్ళుగా ఉన్న 150 శాతం సుంకం లెక్కన 6 యూరోలకు ఓడ దిగిన సీసా రేవులోనే 15 యూరోలవుతుంది. ఆ పైన దిగుమతిదారు లాభం, రాష్ట్రం పన్ను, షాపు వాటా. వైజాగ్‌లో మీకు కనిపించే దిగుమతి బార్బెరా అసలు ధర అక్కడ చాలా చిన్నది, మీరు కట్టేది ఎక్కువగా పన్నే. అందుకే ఇక్కడి డబ్బుకి ఇక్కడ కొనాలంటే దేశీ సీసా మేలు. పియెమొంటె రుచి రాదు గానీ, మహారాష్ట్ర అక్లూజ్‌లో ఫ్రాటెల్లి వాళ్ళు పండించే సాంజియోవేసె పులుపున్న ద్రాక్షే, ఇటలీదే, టస్కనీ వైపుది. కోడికూరతో చల్లగా పోసుకుంటే ఆ దారిలోనే ఉంటుంది.

లాసన్స్‌బే:

అయితే బావగారికి ఇలా రాశాను: బార్బెరా దాస్తి ఒకటి, సుపెరియోరె కాకుండా, 13.5 లోపు. రెండోది మొస్కాటో దాస్తి, ఇంట్లో వాళ్ళ కోసం. గావీ ఈసారికి వదిలేశాను. మొస్కాటోతో మాడుగుల హల్వా పెడదామనుకుంటున్నా, సరిపోతుందా?

పులుపుపక్షం:

సరిపోదు. పక్కనున్న తినుబండారం వైన్ కంటే తియ్యగా ఉంటే వైన్ ఉత్త పుల్లటి సోడా అయిపోతుంది. మాడుగుల హల్వాలో నెయ్యీ తీపీ రెండూ ఎక్కువ, మొస్కాటో దాని ముందు తేలిపోతుంది. సీతాఫలం కాలం కాదు కాబట్టి, తోలు తీసి చల్లబెట్టిన బంగినపల్లి ముక్కలు పెట్టండి, మరీ మిగలపండినవి కాకుండా కొంచెం పులుపు మిగిలినవి. జీడిపప్పు వేయించి పక్కన ఓ గుప్పెడు. సాయంత్రం మిరపకాయ బజ్జీలకి కూడా మొస్కాటో బాగా పనిచేస్తుంది, తీపి మంటని ఆర్పుతుంది, ఆల్కహాల్ తక్కువ కాబట్టి రేపదు. గ్లాసులు కూడా ఫ్రిజ్‌లో పెట్టండి, నురగ నిలుస్తుంది. తెరిచాక రెండో రోజుకి గ్యాస్ పోతుంది, ఆ పూటే అవగొట్టండి.